గీత పక్కన గుర్తు

పెన్నును ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో బల్ల కాలికి కట్టేశారు. దారం పొట్టిది. అందుకని నడుం వంచి, మెడ ఓరగా పెట్టి, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు తల దించుకుని సంతకం చేయాల్సి వచ్చింది ఆమెకు. కాగితం మీద ఒకే ఒక్క పేరు, తనది. నిన్న అసలు పోటీకి అర్హత తేల్చే క్వాలిఫయింగ్ చివరి రౌండులో ఓడినవాళ్లు మొత్తం ఎనిమిది మంది. మిగతా ఏడుగురూ నిన్న సాయంత్రమే సంచులు సర్దుకుని, ఏడ్చేవాళ్లు ఏడ్చి, వచ్చే వారం పోటీ జరిగే ఊరికి బస్సెక్కేశారు. ఈ కాగితానికి టెన్నిస్‌లో ఒక పేరుంది, లక్కీ లూజర్ల జాబితా అని. మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో ఆడాల్సిన వాళ్లెవరైనా చివరి నిమిషంలో చేతులెత్తేస్తే ఆ ఖాళీలోకి ఇందులోంచి ఒకర్ని పిలుస్తారు. ఓడిపోయినవాళ్లకు ఇంత ముద్దుపేరు పెట్టిన మహానుభావుడు తన జన్మలో ఎన్నడూ ఓడి ఉండడని ఆమె అనుకుంది. సూపర్‌వైజరు కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, "ఇక్కడే ఉండాలమ్మాయ్. పిలిస్తే ఐదు నిమిషాల్లో కోర్టులో ఉండాలి. బాత్రూంకి వెళ్లినా చెప్పి వెళ్లు" అన్నాడు. దాంతో అప్పటిదాకా లేని అవసరం అప్పుడే మొదలైంది. గోడ గడియారం పది చూపిస్తోంది. పదకొండింటికి మొదటి రౌండులో మిగిలిన నాలుగు మ్యాచులూ ఒకేసారి మొదలవుతాయి. వాటిలో మొదటి బంతి పడిందంటే ఇక పిలుపు రాదు. పదకొండుంబావుకి గేటు ముందు నుంచి బస్సు. మధ్యలో ఈ ఒక్క గంట.

గది చిన్నది. ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల సీసాల ఫ్రిజ్జు, కట్లు కట్టుకోవడానికి ఒక ఎత్తు బల్ల, ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే డ్రా అంటించిన బోర్డు గోడకు. గోడ అవతల వాషింగ్ మెషీన్‌లో తువాళ్లు తిరుగుతున్నాయి, ఎవరిదో బొత్తాం లోపల టక్ టక్ మని కొట్టుకుంటోంది. ఆమె బూట్లు వేసుకుని, లేసులు రెండు ముళ్లు బిగించి, జుట్టు కట్టుకుని, మూడు రాకెట్లూ సంచిలోంచి పిడులు బయటికి కనబడేలా పెట్టుకుని కూర్చుంది. కళ్లలో ఒత్తులు వేసుకుని తలుపు వంక చూస్తోంది. లోపలికి వచ్చే ప్రతి ఆటగత్తెనీ పైనుంచి కిందికి డాక్టరులా పరీక్షిస్తోంది. ఇదిగో ఈ పొడుగు పిల్ల కుంటుతోందా? లేదు, చెప్పు తెగింది. ఆ జడల పిల్ల దగ్గుతోంది, కానీ దగ్గుతూ అరటిపండు కూడా తింటోంది, తిండి సయిస్తోందంటే ఆడుతుంది. ఛీ, ఏమిటీ బుద్ధి. ఎవరికైనా ఏమైనా అవ్వాలని కోరుకోకూడదు. దెబ్బ తగలాలని అసలు కోరుకోకూడదు. చిన్న కడుపునొప్పి అయితే? సాయంత్రానికి తగ్గిపోయేది. లేకపోతే ఎవరికైనా హఠాత్తుగా పెళ్లి కుదిరి, ఆ అబ్బాయి ఇప్పుడే కారేసుకుని గేటు దగ్గరికి వచ్చి, నీకు నేను ముఖ్యమా టెన్నిస్ ముఖ్యమా అంటే? దానివల్ల ఎవరికీ నష్టం లేదు, పిల్లాడు మంచివాడైతే. నవ్వొచ్చింది. నిన్నటి నుంచి ఇదే మొదటి నవ్వు, అదీ మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే కుడి బూటు మడమ దగ్గర ఎర్రమట్టి కనిపించింది. నిన్నటి మట్టి.

నిన్న. మూడో సెట్టు బదులు ఆడే పది పాయింట్ల టైబ్రేకులో తొమ్మిది, ఎనిమిది. ఇంకొక్క పాయింటు చాలు. ఎదురుగా పెద్దక్క. ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. ముప్పై మూడేళ్లు, పదిహేనేళ్లుగా ఇవే ఊళ్లు, ఇవే బస్సులు, ఇవే సబ్బు వాసన గదులు, అందుకని ఈ ఆడపిల్లలందరికీ పెద్దక్క. రెండు మోకాళ్లకీ పట్టీలు. పెద్దక్క కొట్టిన ఫోర్‌హ్యాండు బారుగా వచ్చి వెనక గీత దగ్గర పడింది. అవుట్, అని తను వేలెత్తింది. క్వాలిఫయింగులో కోర్టుకో అంపైరు ఉండడు, నాలుగు కోర్టులకు కలిపి ఒకాయన తిరుగుతుంటాడు, ఎవరి వైపు పడిన బంతి వాళ్లే చెప్పుకోవాలి, గీతని కాస్త తాకినా లోపల పడ్డట్టే. చెప్పింది. అవుట్. గెలిచింది. పద్దెనిమిది టోర్నమెంట్ల తర్వాత మెయిన్ డ్రాలోకి వచ్చేసింది. ఎన్నడూ ఎరగనంత హాయిగా ఉన్న ఆ రెండు క్షణాల్లో, కుడికాలు దాని మానాన అది వెళ్లి మట్టి మీది బంతి గుర్తును సుబ్బరంగా తుడిచేసింది. అవతల నుంచి పెద్దక్క గొంతు, "గుర్తు చూపించు." తను వెనక్కి తిరిగింది. గీత ఉంది. గీత పక్కన నున్నగా మట్టి ఉంది. గుర్తు లేదు. నాలిక్కరుచుకుంది కానీ అప్పటికే అయిపోయింది. అంపైరు వచ్చి మట్టి వంక చూశాడు, బూటు వంక చూశాడు, ఆమె ముఖం వంక మాత్రం చూడలేదు. "గుర్తు చెరిపితే పాయింటు వదులుకున్నట్టేనమ్మా" అన్నాడు. తొమ్మిది, తొమ్మిది. ఆ తర్వాతి రెండు బంతులూ ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలియదు. చెయ్యి కలిపేటప్పుడు పెద్దక్క చెయ్యి పొడిగా ఉంది, తన చెయ్యి తడిగా ఉంది, అదొక్కటే గుర్తుంది.

ఎవరైనా బంతి నెట్‌కి కొట్టి ఓడిపోతారు. డబుల్ ఫాల్టు చేసి ఓడిపోతారు. కాలితో కోర్టు ఊడ్చి ఓడిపోయింది ప్రపంచంలో తనొక్కతే అయ్యుంటుంది. ఎవరి కూతురు మరి. ఒక క్లబ్బులో ఆరు ఎర్రమట్టి కోర్టులు, ఆరింటికీ నాన్నే దిక్కు. తెల్లవారకుండా నాన్న నడుముకి తాడు కట్టుకుని పెద్ద వల ఈడుస్తూ కోర్టు చుట్టూ తిరిగేవాడు, బయటి అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ చుట్టూ లోపలికి, మధ్యలోకి వచ్చి ఆగేవాడు. తను ఆ వల మీద కూర్చునేది. నాలుగేళ్లు ఉంటాయేమో, బరువుకి పనికొస్తావే అనేవాడు, కూర్చుంటే మట్టి బాగా సర్దుకుంటుందట. తర్వాత గీతల చీపురు. తర్వాత నీళ్లు. క్లబ్బువాళ్లు తెల్లబట్టలతో వచ్చి గంటసేపు ఆడి, చెమట తుడుచుకుంటూ కబుర్లలో పడితే, తను రబ్బరు చెప్పులతో కోర్టులోకి పరుగెత్తి గుంటలన్నీ పూడ్చేది. "ఆడినవాళ్ల గుర్తు మిగలకూడదు పిట్టా. తర్వాత వచ్చేవాళ్లకి కోర్టు కొత్తగా ఉండాలి." పిట్ట అని పేరు పెట్టింది నాన్నే, గెంతుతూ నడిచేదని. తనకి ఆట రాకముందే ఆ కాలి పని వచ్చు. రాకెట్టు తర్వాతెప్పుడో వచ్చింది, పళ్ల డాక్టరొకాయన పిడి విరిగిందని పారేయబోతే నాన్న అడిగి తెచ్చి టేపు చుట్టాడు, పనిముట్ల కొట్టు గోడకి బంతి కొట్టుకుంటూ పెరిగింది. గోడకి కొట్టినా బంతి పడ్డ చోట మట్టి సర్దేది. కోచ్ సారు మొదటి రోజే, ఈ పిల్ల కోర్టులో ఆడుతోందా, ఇల్లు సర్దుతోందా అని నవ్వాడు. ఎవరూ మానమని మాత్రం అనలేదు. బాగా పెంచారు అన్నారు.

ఫోను ఒళ్లో మళ్లీ వణికింది. నాన్న. నిన్నటి నుంచి ఇది తొమ్మిదో సారి. తీయలేదు. తీస్తే నాన్న గెలిచావా అని అడగడు, ఎప్పుడూ అడగలేదు, కోర్టు ఎలా ఉంది అని అడుగుతాడు. బాగుంది నాన్నా, నువ్వు నేర్పినట్టే తుడిచి పెట్టాను, అంత బాగా తుడిచాను, నా ఏడాది కూడా తుడిచిపెట్టుకుపోయింది అని ఒక్క మాట అనేస్తే? ఆ మాట నాలుక చివర ఉంది. అంటే తిరిగి రాదు. ఆయనేం చేశాడు పాపం, వల ఈడ్చాడు. కోపం ఎవరి మీదో తెలియక ఆయన మీదికి పోతోంది, అది తెలుస్తూనే ఉంది, ఆగడం లేదు. ఫోను ఆగాక అమ్మ మెసేజీ కనిపించింది. ఒకటే మాట, రిపోర్టు? అమ్మ రక్తపరీక్షల లాబులో పని చేస్తుంది, ఆవిడకి ఎవరు ఏం చెప్పినా రిపోర్టు కావాలి. బాగున్నాను అంటే చాలదు, ఎంత బాగున్నావు, తిన్నావా, ఏం తిన్నావు, ఎన్ని గంటలకి. ఏడాది కిందట కాలేజీ సీటు వచ్చినప్పుడు అమ్మే వెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడి ఏడాది ఆపించింది. ఆపించి వచ్చి, భోజనాల దగ్గర కూర్చుని, చేతిలో గరిటె ఉండగానే చెప్పింది. "ఏడాదిలోగా ఒక్కసారి మెయిన్ డ్రాలో నీ పేరు చూపించు. గెలవక్కర్లేదు. పేరు చూపించు చాలు, ఆ తర్వాత నేను నోరెత్తను. చూపించకపోతే నువ్వు నోరెత్తకూడదు." సరే అంది తను. అప్పుడు ఏడాదంటే చాలా పెద్దదనిపించింది. వచ్చే శుక్రవారంతో అయిపోతుంది. చేరుతున్నావా లేదా అని కాలేజీవాళ్లు రాసిన ఉత్తరం ఇంట్లో ఫ్రిజ్జు మీద ఉందట, అమ్మ అయస్కాంతం పెట్టి అంటించిందట.

పదీ పాతిక. ఫ్రిజ్జు ఒకసారి గురగురమని ఊరుకుంది. కాలేజీ అంత చెడ్డదేం కాదు. పొద్దున్నే ఏడింటి దాకా పడుకోవచ్చు. స్నేహితులుంటారు, ప్రతి సోమవారం మారిపోని స్నేహితులు. చేతికి కాయలు పోతాయి. ఇలా ఎంత నచ్చజెప్పుకున్నా లోపల ఒకటి ఒప్పుకోవడం లేదు, ఎందుకంటే రాకెట్టు మధ్యలో బంతి సరిగ్గా తగిలినప్పుడు మోచేతి దాకా వచ్చే ఆ మెత్తదనం ఉంది చూడండి, అది ఇంకెక్కడా దొరకదు. అది ఎప్పుడో గాని రాదు, వచ్చినప్పుడు మాత్రం లోకంలో తన చోటు ఇదేనని తెలుస్తుంది. అది వదులుకోవడం కష్టం. దాని కోసం బస్సులో నిద్ర, పార్కు బెంచీ మీద రొట్టెముక్క, గదిలో తీగ కట్టి ఆరేసుకునే సాక్సులు, అన్నీ సై. కానీ అసలు గుచ్చుకుంటున్నది కాలేజీ కాదు, ఏడాదీ కాదు. ఇంకొకటి ఉంది అడుగున. నిన్న మంచం మీద కళ్లు మూసుకోగానే అదే వచ్చి గుండెల మీద కూర్చుంది. బంతిని నిజంగా చూశావా? అవుట్ అని అరిచావు సరే, చూసి అరిచావా, కావాలనుకుని అరిచావా? మ్యాచ్ పాయింటు అది. అంత కావాలనుకున్నప్పుడు కన్ను ఉన్నది చూస్తుందా, మనసు చూపించింది చూస్తుందా? ఇంకా ఘోరం, ఆ కాలు. అలవాటే అయ్యుండొచ్చు. లేకపోతే బంతి గీతని ముద్దాడిందని నీకు లోపల ఎక్కడో తెలిసి, ఎవరూ చూడకముందే తుడిచెయ్యమని కాలికి చెప్పావా? గుర్తు ఉంటే తేలిపోయేది. లేదు. ఇక ఎప్పటికీ తేలదు. అంపైరు ముఖం వంక ఎందుకు చూడలేదు? ఆయనా అదే అనుకున్నాడేమో. ఇవాళ పిలుపు వచ్చినా, పేరు బోర్డు మీద ఎక్కినా, అమ్మ నోరెత్తకపోయినా, గీత దగ్గర పడే ప్రతి బంతికీ ఈ ప్రశ్న వచ్చి పక్కన నిలబడితే ఆడేదెలా? తన కళ్లని తను నమ్మలేని మనిషి ఆ గీతల మధ్య ఏం చేస్తుంది?

తలుపు తీసుకుని పెద్దక్క వచ్చింది. ఇవాళ పదకొండింటి మ్యాచుల్లో ఒకటి ఆమెది, నిన్న తను గెలిచి ఉంటే తనదయ్యే మ్యాచ్. కట్లు కట్టేవాడు కాఫీకి పోయినట్టున్నాడు, ఆమే ఎత్తు బల్ల ఎక్కి, ప్యాంటు మోకాలి పైకి లాక్కుని, టేపు చుట్ట తీసింది. కత్తెర దూరంగా కుర్చీ మీద ఉంది. లేచి వెళ్లిపోదామా అనుకుంది తను, సూపర్‌వైజరు కదలొద్దన్నాడు కదా, వెళ్లేదెక్కడికి.

"ఆ కత్తెర ఇలా ఇవ్వు" అంది పెద్దక్క. ఇచ్చింది. "ఈ చివర పట్టుకో. గట్టిగా. నిద్ర పట్టిందా?"

"లేదక్కా."

"నాకూ పట్టలేదులే, మోకాళ్లు." టేపు చుడుతూ, తలెత్తకుండానే అంది. "ఆ అలవాటు ఎక్కడిది నీకు?"

"ఏ అలవాటు?"

"మొదటి గేము నుంచీ చూస్తున్నా. ప్రతి గుర్తూ చెరిపేస్తున్నావు. నీది, నాది, లోపల పడ్డది, బయట పడ్డది, దేన్నీ వదల్లేదు. నాకు అందకుండా నువ్వు వేసిన సర్వీసు, ఆ ఏస్ గుర్తు కూడా, పక్కలు మారినప్పుడు వెళ్లి మరీ తుడిచావు. చీపురొక్కటే తక్కువ తల్లీ. రెండో సెట్టులో అనుకున్నా, ఇది ఎప్పుడో అక్కరకొస్తుందని. దాచుకున్నా."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో టేపు చివర వదిలేద్దామనుకుంది, వదల్లేదు. "అంటే బంతి లోపల పడిందనా నువ్వు అడిగింది?"

"బంతా? ఎవరు చూశారు! నేను ఆ చివర్న ఉన్నా, నా కళ్లకి ఇప్పుడు ఈ టేపు అంచే సరిగ్గా ఆనదు. అవుటే అనుకున్నా నేను కూడా, చెయ్యి కలపడానికి రాబోయా. నీ కాలు కదిలింది. అడిగేశా. అంతే."

"అది అన్యాయం కదక్కా."

"రూలు." కత్తెరతో టేపు తెంపింది. "నీ వయసులో నేను మ్యాచ్ అయిపోయిందనుకుని, ఇంకో పాయింటు ఉండగానే చెయ్యి చాచుకుంటూ నెట్ దగ్గరికి వెళ్లిపోయా. అవతలావిడ నా వెనక ఖాళీలోకి బంతి కొట్టింది. నెల్లాళ్లు బుర్ర పాడయింది నాకు. ఆవిడే ఒక బస్టాండులో కనబడి చెప్పింది, నీకు అంకెలు గుర్తుండవని మొదట్నుంచీ కనిపెట్టాను, అందుకే తయారుగా ఉన్నాను అని. తిట్టుకున్నా గాని ఆ రాత్రి హాయిగా పడుకున్నా. అందుకే వచ్చా ఇప్పుడు. చెప్పకపోతే ఏదేదో ఊహించుకుంటావు." రెండో మోకాలు ముందుకు చాపింది. "దీన్ని కూడా పట్టుకో."

పట్టుకుంది. కోపం ఉంది, ఉండాల్సిందే, ఇంత దొంగబుద్ధి మనిషికి టేపు పడుతున్నానే అనిపిస్తోంది. కానీ కోపం కింద ఏదో వదులవుతోంది, బిగించి కట్టిన లేసు ఎవరో విప్పుతున్నట్టు. ప్రతి గుర్తూ. ఏస్ గుర్తు కూడా. లోపల పడ్డవి కూడా. అంటే కాలికి ఏ దురాలోచనా లేదు, కాలికి అసలు ఆలోచనే లేదు, అది నాలుగేళ్ల పిల్ల కాలు, రబ్బరు చెప్పులది. ఇంకొకరి కళ్లు మ్యాచంతా చూసి లెక్కపెట్టి చెబుతున్నాయి, తనని ఓడించడానికి లెక్కపెట్టిన కళ్లు, అవి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. కన్నీళ్లు వచ్చాయి, టేపు మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలోనే, ఎందుకో, నాన్న గుర్తొచ్చాడు. వల ఈడుస్తూ కాదు, గొంతుక్కూర్చుని. గీత పక్కన గొంతుక్కూర్చుని, బంతి గుర్తులో చూపుడువేలు పెట్టి, వంగి, ఒక కన్ను మూసి. ఎప్పుడూ అలాగే. చెరిపే ముందు చూసేవాడు. గుర్తు లోతుగా ఉంటే తడి ఎక్కువైందనీ, పొడిపొడిగా చెదిరితే నీళ్లు కొట్టాలనీ. ప్రతిదీ చూసేవాడు. చూశాకే తుడిచేవాడు. తను వల మీద కూర్చుని చూసింది తుడవడం ఒక్కటే. సగం పనే నేర్చుకుంది ఇన్నాళ్లూ. ఆయన మీద కోపం పెట్టుకున్నందుకు సిగ్గేసింది.

పెద్దక్క వెళ్లిపోయింది. పదకొండుకి పది నిమిషాలు. గది ఖాళీ అవుతోంది, ఇద్దరిద్దరు చొప్పున సంచులు భుజాన వేసుకుని వెళ్తున్నారు. దగ్గిన పిల్ల దగ్గకుండా వెళ్లింది. చెప్పు తెగిన పిల్ల తళతళలాడే బూట్లతో వెళ్లింది. బోర్డు మీది నాలుగు జతల్లో మూడు వెళ్లిపోయాయి. నాలుగో జతలో మూడో సీడు, అంటే ఈ పోటీలో మూడో మేటి ఆటగత్తె, తలుపు దగ్గర నిలబడి గెంతుతోంది, ఆమెతో ఆడాల్సిన పిల్ల ఏది? వస్తుందిలే. పదకొండుకి ఐదు. ఆమె లేచి రాకెట్ల పిడులు లోపలికి తోసి సంచి జిప్పు వేసుకుంది. ఏడుపు రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాన్నకి ఫోను చేయాలి, మొత్తం చెప్పాలి, నవ్వుతాడో బాధపడతాడో. అమ్మకి ఇంటికి వెళ్లాక చెప్పొచ్చు, శుక్రవారం లోపు. మాట ఇచ్చింది కాబట్టి నోరెత్తకూడదు. ఒక్కటి మాత్రం బాగుంది, నిన్న అబద్ధం ఆడలేదు. అది తీసుకుని బస్సెక్కొచ్చు. సంచి భుజానికెత్తుకుంది, బరువు అలవాటైన చోట అలవాటుగా కూర్చుంది. అప్పుడు సూపర్‌వైజరు చేతిలో వాకీటాకీ గరగరమంది. ఆయన విన్నాడు, ఊఁ అన్నాడు, మళ్లీ ఊఁ అన్నాడు, కళ్లజోడు నెత్తి మీంచి ముక్కు మీదికి దించుకుని, దారం కట్టిన పెన్ను లాగాడు, అది బోర్డు దాకా రాక, విసుక్కుని జేబులోంచి ఇంకొకటి తీశాడు. బోర్డు మీద ఒక పేరు కొట్టేశాడు. పైన ఇంకొకటి రాయడం మొదలుపెట్టాడు. మొదటి అక్షరం తన పేరుదే.

"నడుం పట్టేసిందట ఆ అమ్మాయికి. ఐదు నిమిషాలు నీకు, మూడో కోర్టు" అన్నాడాయన. "నిలబడ్డావేం? సంచి భుజాన ఉండనే ఉందిగా, నడు."

ముందు ఫోటో. తొందరలో మొదటిది మసకగా వచ్చింది, రెండోది తీసి అమ్మకి పంపింది, కొట్టేసిన పేరు మీద పెన్నుతో రాసిన తన పేరు, పక్కన బ్రాకెట్లో లక్కీ లూజర్. కారిడార్‌లో నడుస్తుండగానే జవాబు వచ్చింది. రిపోర్టు అందింది. ఫ్రిజ్జు మీద ఉత్తరం తీసేస్తున్నా. ఏమైనా తిన్నావా? మలుపు దగ్గర నడుం పట్టేసిన పిల్ల బెంచీ మీద బోర్లా పడుకుని ఉంది, నడుం మీద ఐసు సంచి, ముఖం తువాల్లో. ఆమె ఆగింది. ఇందాక గంటసేపు ఇలాంటిదే కావాలని కోరుకుంది మరి. "తగ్గిపోతుంది" అంది. తువాల్లోంచి ఆ పిల్ల, "ఆ మూడో సీడు బ్యాక్‌హ్యాండు మహా గట్టిది, ఫోర్‌హ్యాండుకి ఇవ్వు" అంది, ముక్కు చీదుతూ. ఆమె ఆ పిల్ల భుజం ఒకసారి నొక్కి ముందుకు నడిచింది.

కోర్టు గేటు దగ్గర కూర్చుని లేసులు మళ్లీ బిగిస్తూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి నాన్నకి చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు. అవతల నీళ్ల గొట్టం చప్పుడు.

"కోర్టు ఎలా ఉంది పిట్టా?"

"ఇప్పుడే తడిపారు నాన్నా. వెనకాల కొంచెం మెత్తగా ఉంది. గీతలు బాగా ఊడ్చారు." రెండో బూటు లేసు లాగింది. "నేను మెయిన్ డ్రా ఆడుతున్నా. ఇప్పుడే. నిన్న ఒక తప్పు చేశాను, తర్వాత చెప్తా, నువ్వు నవ్వుతావు."

నీళ్ల చప్పుడు ఆగింది. గొట్టం కట్టేసినట్టున్నాడు. నాన్న ఏడిస్తే ఇలాగే ఉంటుంది, ఏమీ వినబడదు. "మెత్తగా ఉంటే బంతి తక్కువ లేస్తుంది" అన్నాడు చివరికి. "మోకాళ్లు వంచు."

మూడో కోర్టు. ఎండ నిండా పడింది, తడి మట్టి ముదురు ఎరుపులో ఉంది, ఎవరూ తొక్కనిది. ఇక్కడ ఎత్తు కుర్చీలో అంపైరు ఉంటాడు, బంతి లోపలా బయటా అనేది ఆయనే చెబుతాడు. టాస్ మూడో సీడు గెలిచి సర్వీసు తీసుకుంది. ఆమె వెనక గీత అవతల నిలబడి మోకాళ్లు వంచింది. తడక అవతల రోడ్డు మీద బస్సు స్టార్టయింది, హారన్ కొట్టింది, పోయింది, పోనీ. సర్వీసు వచ్చింది. ఎలా తిరిగి కొట్టిందో తెలియదు, బంతి వెళ్లింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది, ఫోర్‌హ్యాండుకి ఇవ్వమన్నారు కదా, ఇచ్చింది, మూడో సీడు దాన్ని కోణంగా లాగి పక్క గీత మీదికి కొట్టింది. ఆమె పరుగెత్తింది, రాకెట్టు చాచింది, అందలేదు, బంతి మట్టిలో పడి తడకకి తగిలింది.

"అవుట్!" అన్నాడు అంపైరు కుర్చీలోంచి.

తన పాయింటు. మెయిన్ డ్రాలో మొట్టమొదటి పాయింటు తనది. పరుగు ఆగిన చోటే గుర్తు ఉంది, పాదానికి జానెడు దూరంలో, కోడిగుడ్డంత. కుడికాలు లేచింది. లేచిందని ఆమెకు తెలిసింది, జీవితంలో మొదటిసారి అది లేవడం తెలిసింది. ఆగు, అంది దానితో. అది గాల్లో ఆగింది. ఒంటికాలి మీద నిలబడ్డ తనని చూసి ఎవరేమనుకున్నా సరే, కాలు మెల్లిగా గుర్తు పక్కకు దించి, గొంతుక్కూర్చుంది. ఒక కన్ను మూసింది. తడి సరిపోయింది, గుర్తు అంచులు చెదరకుండా చక్కగా ఉన్నాయి. చూసింది. తొందరేం లేదు, చూసింది. గుర్తు కొస గీత తెలుపులోకి ఓ వెంట్రుకవాసి వెళ్లింది. తెలుపు మీద ఎర్రగా చిన్న మరక. లోపలే. తలెత్తింది. మూడో సీడు ఏమీ అడగకుండా రెండో బంతి కోసం అటు తిరిగిపోతోంది, అంపైరు అంకె చెప్పడానికి నోరు తెరుస్తున్నాడు. ఎవరూ అడగలేదు. ఎవరూ అడగరు కూడా.

ఆమె లేచి నిలబడి, కుడికాలు చాచి, ఆ గుర్తును నెమ్మదిగా, నాన్న తుడిచినంత శ్రద్ధగా, అందరికీ కనబడేలా తుడిచేసింది. తర్వాత అంపైరు వంక చెయ్యెత్తింది. "లోపలే పడింది. పాయింటు ఆమెదే."

అంపైరు ఒక క్షణం ఆమె ముఖం వంకే సూటిగా చూసి, తల ఊపాడు. మూడో సీడు వెనక్కి తిరిగి రాకెట్టు కొంచెం పైకెత్తింది. ఫిఫ్టీన్, లవ్, అన్నాడు, మొదటి పాయింటు పోయింది, ఆమెకు మాత్రం నెత్తిన పాలు పోసినట్టుంది. కళ్లు పని చేస్తున్నాయి. ఆ బంతిని అవి చూశాయి, తను ఓడిపోయేదాన్ని కూడా ఉన్నదున్నట్టు చూశాయి, ఇక ఏ గీత దగ్గర ఏది పడినా భయం లేదు. నవ్వు ఆపుకోలేక రాకెట్టు తీగల వెనక ముఖం దాచుకుంది. తర్వాత రెండో వైపుకి నడిచి, మోకాళ్లు వంచి, బంతి కోసం నిలబడింది.